రెండో షాటు

మా బావ ప్రభువునందు నిద్రించాడు. కూర్మన్నపాలెం నుంచి సంఘపెద్ద ఒకాయన స్కూటరు మీద మల్కాపురం దాకా వచ్చి, మా గుమ్మంలో నిలబడి, గొంతు బాగా తగ్గించి ఆ మాట చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు సాగిన తగువులో చివరి మాట తనే అనేసి, నేను జవాబు వెతుక్కునేలోపు లేచి వెళ్ళిపోయాడు. ఆయన పద్ధతే అంత. సైటులో కూడా రిజెక్టు అని రాసి, సంతకం పెట్టి, అవతలివాడు నోరు తెరిచేసరికి సైకిలెక్కేసేవాడు.

తర్వాత ఆదరణ కూటం పెట్టారు. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే లేచి ఆయన గురించి మాట్లాడారు. సౌమ్యుడన్నారు. ఓర్పు గల మనిషన్నారు. ఎవరి మనసూ నొప్పించలేదని ఒకాయన అన్నప్పుడు, ఇదెవరి గురించో అని నేను చుట్టూ చూశాను. నా వంతు వచ్చింది. లేచి, "మా బావకి పని బాగా తెలుసు" అని చెప్పి కూర్చున్నాను. అంతకు మించి అబద్ధం లేకుండా చెప్పగలిగింది ఆ క్షణాన ఏమీ తోచలేదు.

అందరూ వెళ్ళాక మా అక్క నా మీద విరుచుకుపడింది. "అంతేనేటిరా? ఇన్నేళ్ళు ఆయనతో తగువులాడినోడివి, ఒక్క ముక్కేనేటి నీకు దొరికింది?"

"మంచి మాటలు నా దగ్గర తక్కువున్నాయక్కా."

"మంచియి ఎవులడిగారు నిన్ను? ఉన్నయి సెప్పు. నోటితో సెప్పలేకపోతే కూకొని రాయి."

అందుకని రాస్తున్నాను. చదివేవాళ్ళు నన్ను మన్నించక్కర్లేదు. ఉన్నవే రాస్తాను.

నేను వెల్డర్ని. మా బావ రేడియోగ్రాఫరు. అంటే నేను ఇనుముని అతికేవాణ్ణి, ఆయన ఆ అతుకుకి ఎక్స్‌రే తీసి అందులో తప్పులు వెతికేవాడు. మనిషి ఎముకకి తీసినట్టే పైపులకీ బాయిలర్లకీ కూడా ఎక్స్‌రే తీస్తారని చాలామందికి తెలియదు. పైకి నున్నగా ఉన్న అతుకు లోపల బుడగ ఉండొచ్చు, వెల్డింగు మడ్డి ఉండొచ్చు, వెంట్రుకంత పగులు ఉండొచ్చు. ఫిల్ము మీద అవి నల్లగా పడతాయి. ఇలాంటి ఇద్దరు మొగాళ్ళని ఒకే ఇంట్లో కలిపితే ఏమవుతుందో మా నాన్న ఆలోచించలేదు. పిల్లాడు చదువుకున్నాడు, ఆదివారం చర్చి మానడు, సిగరెట్టు ముట్టడు అని మా అక్కనిచ్చి చేశాడు. సిగరెట్టు నిజమే, ముట్టలేదు. బీడీలు కాల్చేవాడు.

డెబ్బైల మొదట్లో పోర్టు దగ్గర ఒక చిన్న టెస్టింగ్ కంపెనీలో చేరాడాయన. అప్పటి ఎక్స్‌రే మిషను చూస్తే నవ్వొస్తుంది. దాన్ని కదపడానికి నలుగురు మనుషులు, వెనక తిరగడానికి ఒక లారీ, చల్లబరచడానికి నీళ్ళ గొట్టం, ఆపైన కరెంటు. అందరికంటే ముందు కరెంటు పోయేది. కొన్నాళ్ళకి ఇరీడియం వచ్చింది. అదొక చిన్న లోహపు బిళ్ళ, సోర్సు అంటారు. బరువైన డబ్బాలో దాక్కుని ఉంటుంది, ఆ డబ్బాని వీళ్ళు కెమెరా అంటారు. దూరం నుంచి హ్యాండిల్ తిప్పితే తీగ చివర ఆ బిళ్ళ బయటికొస్తుంది, వచ్చినంతసేపూ దాన్నుంచి కిరణాలు వస్తూనే ఉంటాయి. కరెంటు అక్కర్లేదు, నీళ్ళు అక్కర్లేదు. అందరూ సంబరపడ్డారు. మా బావ మాత్రం మొహం ముడుచుకున్నాడు. "పని బేగి అయిపోతాది గాని బొమ్మ మసగ్గా ఉంటాదిరా. ఎక్స్‌రే ట్యూబు ట్యూబే" అనేవాడు. పైగా ఆ బిళ్ళకి రోజురోజుకీ బలం తగ్గిపోతుంది, తగ్గినకొద్దీ ఒక్కో షాటు, అంటే ఒక్కో ఎక్స్‌రే, ఎక్కువసేపు ఇవ్వాలి. "సోర్సు ముసల్దయిపోయింది" అని ఇంటి మనిషి గురించి చెప్పినట్టు చెప్పేవాడు. మా అక్కకి ఆ మాట వింటే గిట్టేది కాదు.

ఆయన ఒంటి మీద ఎప్పుడూ ఫిల్ములు కడిగే మందు వాసన వేసేది. చొక్కా జేబుకి కిరణాల లెక్క చూసే బేడ్జీ ఒకటి తగిలించుకునేవాడు, అది పెట్టుకునే చర్చికి కూడా వచ్చేవాడు. సైటులో ఎవరి టీ తాగేవాడు కాదు. తన ఫ్లాస్కు తనే తెచ్చుకుని ఓ మూల కూర్చునేవాడు. ఎవరైనా కాంట్రాక్టరు పెళ్ళికి పిలిస్తే వెళ్ళి అక్షింతలు వేసి, భోజనం చెయ్యకుండా వచ్చేసేవాడు. "రేపు ఆడి ఫిల్ము నా సేతికి వత్తాది. ఆడి పప్పన్నం కడుపులో పెట్టుకొని నాను దాన్ని ఎలగ సూస్తాను?" అనేవాడు. అది నిజాయితీ అని కూటంలో ఎవరో అన్నారు. కావచ్చు. పక్కన కూర్చుని ఆకలితో తిరిగొచ్చిన మా అక్కని అడగండి అదేమిటో.

ఇంకొక అలవాటు చెప్పాలి. ఒకే అతుకుని రెండు చోట్ల నుంచి తీసిన ఫిల్ములు దీపం పెట్టె మీద పక్కపక్కన పెట్టి, రెండు కనుగుడ్లూ ముక్కు దగ్గరికి లాక్కుని, అలా మెల్లకన్ను పెట్టి చూసేవాడు. కాసేపటికి రెండు బొమ్మలూ కలిసి ఒకటైపోయి, పైపు గుండ్రంగా లేచి నిలబడుతుందట. లోపలి బుడగ ముందుందో వెనకుందో తెలిసిపోతుందట. నన్నూ చూడమన్నాడు. నాకు తలనొప్పి తప్ప ఏమీ లేవలేదు. ఖలాసీలు ఆయన వెనకాల మెల్లకన్ను పెట్టి నడిచి నవ్వుకునేవారు. ఆయనకి తెలుసు. పట్టించుకునేవాడు కాదు.

ఇక అసలు సంగతి.

అప్పట్లో గల్ఫుకి వెల్డర్లని తీసుకెళ్ళడానికి ఏజెంట్లు వచ్చేవారు. టెస్టు పెట్టేవారు. ఒక పైపు ముక్కని మరో ముక్కకి అతకాలి, దానికి ఎక్స్‌రే తియ్యాలి, శుభ్రంగా ఉంటే పాసు. నేను అతికాను. నా జీవితంలో అంతకంటే మంచి అతుకు ముందూ వెయ్యలేదు, తర్వాతా వెయ్యలేదు. ఇది గొప్ప కాదు. చేతికి తెలుస్తుంది. ఎక్స్‌రే తీసే పని మా బావ కంపెనీకే వచ్చింది, ఫిల్ము చూసే పని మా బావకే వచ్చింది. నాతోపాటు టెస్టుకి వచ్చినవాళ్ళు నా భుజం తట్టి, "నీకేటిరా, ఇంట్లోనే పాసు" అన్నారు.

ఆయన ఫిల్ము చూసి, అందరి ముందూ, "అతుకు మజ్జలో గీతున్నాది. పగులు. రిజెక్టు" అన్నాడు.

నేను నమ్మలేదు. వెనకాలే పరిగెత్తాను. "బావా, ఇంకో షాటు తియ్. పక్కకి జరిపి తియ్. నాను సేసిన అతుకు నాకు తెల్దేటి?"

"తియ్యను."

"ఎందుకు తియ్యవు? పైపు అక్కడే ఉన్నాది, మిషను అక్కడే ఉన్నాది."

"నీ కోసం రెండో షాటు తీత్తే ఊరేటంటాది? బామ్మర్ది పాసయ్యేదాకా తీసాడంటాది. తియ్యనంటే తియ్యను."

అదీ ఆయన నిజాయితీ. దారినపోయే దానయ్య ఎవడైనా అయ్యుంటే ఇంకొకసారి తీసేవాడేమో. అక్క తమ్ముణ్ణి కాబట్టి తియ్యలేదు. చుట్టరికం ఉన్నవాడికి మేలు చేస్తానేమో అన్న భయంతో చుట్టరికం ఉన్నవాడికి అన్యాయం చేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. మిగతావాళ్ళు బొంబాయి రైలెక్కారు. నేను స్టేషన్‌కి కూడా వెళ్ళలేదు.

ఆ పైపు ముక్కని అడిగి తెచ్చుకున్నాను. కంచరపాలెంలో తెలిసినవాడి వర్క్‌షాపులో, ఫిల్ము మీద గీత ఉన్న చోట సరిగ్గా గుర్తు పెట్టి, నిలువుగా రంపం వేయించాను. కోసిన ముఖాన్ని ఆకురాయితో, గరుకు కాగితంతో అద్దంలా నున్నగా చేసి, ఆసిడు పూశాను. అతుకు ఎన్ని వరసల్లో వేశానో అన్నీ కనిపించాయి. పగులు లేదు. భూతద్దం పెట్టి చూశాను. లేదు.

ఆదివారం చర్చి నుంచి తిన్నగా అక్క ఇంటికెళ్ళి, బావ అన్నం తింటుంటే ఆ ముక్కని ఆయన కంచం పక్కన పెట్టాను. "ఎతుక్కో" అన్నాను.

ఆయన ఎడం చేత్తో దాన్ని తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. చారు చల్లారిపోయింది. చివరికి, "కోసిన సోట నేదు. పక్కనుంటాదేమో" అన్నాడు.

పక్కన కూడా కోసి మళ్ళీ తెచ్చాను. "రంపం పెట్టినప్పుడు పోయుంటాది" అన్నాడు.

"ఒక్క మాట, బావా," అన్నాను. "నీ అతుకు మంచిదేరా అను. నాకింకేటీ వొద్దు. గల్ఫూ వొద్దు."

ఆయన చేతులు కడుక్కోవడానికి లేచాడు. మా అక్క నా వైపు చూడలేక వంటింట్లోకి పోయింది.

ఆ ఒక్క మాట కోసం నేను ఇన్నేళ్ళు పోట్లాడాను. కొన్నాళ్ళు మాటలు మానేశాను, అక్క కోసం మళ్ళీ మొదలెట్టాను, పండగలకి వెళ్ళాను, పండగ కేకు తిన్నాను, తింటూనే ఆ మాట ఎత్తాను. ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. పైపు ముక్కని మా వీధి తలుపుకి అడ్డం పెట్టాను, గాలికి తలుపు కొట్టుకోకుండా. వేరే రాయి దొరక్క కాదు. ఆయన మా ఇంటికి వచ్చినప్పుడల్లా కాలికి తగలాలని. ఆయన వచ్చేవాడు, చెప్పులు విప్పేవాడు, తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఆ ముక్కని ఎత్తి ఒళ్ళో పెట్టుకునేవాడు. మాట్లాడుతున్నంతసేపూ కోసిన ముఖం మీద బొటనవేలు రాస్తూనే ఉండేవాడు. "ఇంకా పగులు దొరకలేదేటి బావా?" అని నేను దెప్పేవాణ్ణి. "టీ పెట్టమను" అనేవాడు.

ఆ రోజుల్లోనే ఆయనకి కొత్త పిచ్చి పట్టింది. ఏ అతుకులో ఏ చిన్న గీత కనిపించినా రెండో షాటు తియ్యకుండా మాట చెప్పేవాడు కాదు. సోర్సుని ఒక జానెడు పక్కకి జరిపి, కొత్త ఫిల్ము పెట్టి మళ్ళీ తీసేవాడు. ఎవరైనా అడిగితే, "ఒక కన్ను మూసుకొని కరెంటు తీగని సూడు. ముందున్నాదో ఎనకున్నాదో తెలుత్తాదేటి? తల పక్కకి జరిపి సూడు. దగ్గరున్నది ఎక్కువ కదుల్తాది. ఇదీ అంతే. ఫిల్ము అబద్ధం సెప్పదు గాని సగమే సెప్తాది" అనేవాడు. ఆ కదలికని కొలిచి, లోపలి తప్పు ఎంత లోతులో ఉందో లెక్క కట్టి, అతుకు మీద సుద్దముక్కతో రాసేవాడు. పిచ్చి ఇంటి దాకా వచ్చింది. పెళ్ళిళ్ళలో ఫొటో తీయించుకుంటే, "పక్క నుండి ఇంకోటి తియ్యండి" అని ఫొటోగ్రాఫర్లతో తగువు పడేవాడు. పుచ్చకాయ కొనాలంటే రెండు పక్కలా కొట్టి చూసి, బండివాడు తిట్టేదాకా వదిలేవాడు కాదు.

ఎనభైల్లో ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాక మేమిద్దరం ఒకే సైటులో పడ్డాం. నేను ఒక సబ్ కాంట్రాక్టరు దగ్గర ఫోర్‌మన్ని, ఆయన ఇన్‌స్పెక్షన్ వైపు. భోజనాల గంట కొట్టగానే ఆయన తాళ్ళు కట్టించి, ఎర్రజెండాలు పాతించి, అందర్నీ తరిమేసి షాట్లు మొదలెట్టేవాడు. ముసలి సోర్సు, ఒక్కో షాటుకీ బోలెడంతసేపు పట్టేది. అది అయ్యాక మళ్ళీ జరిపి రెండోది. మనుషులు తాడు అవతల ఎండలో నిలబడి ఆయన్ని బూతులు తిట్టేవారు. మా ఇంజనీరు గడియారం చూసుకుంటూ, "మీ బావగారికి ఒక్క షాటు చాలదా?" అని నన్ను నిలదీసేవాడు.

"నా అతుకొక్కదానికే చాలిందండి" అనేవాణ్ణి. ఆయనకి అర్థమయ్యేది కాదు.

ఒకసారి మనిషి పాకగలిగేంత పెద్ద డ్రమ్ము అతుకులో మడ్డి పడింది. మా బావ సుద్దతో లోతు రాసి, "లోపల్నుండి తియ్యండి, దగ్గిరగా ఉన్నాది" అన్నాడు. ఆయన చెప్పాడు కాబట్టే నేను పంతానికి పైనుంచి తవ్వించాను. సగం మందం తిన్నా దొరకలేదు. చివరికి లోపలికి దూరి రాపిడి పెడితే, సుద్ద రాత చెప్పిన లోతులోనే ఉంది. తవ్వినదంతా మళ్ళీ నింపుకున్నాం. ఆయన వచ్చి చూసి, "సూసినావా?" అన్నాడు, నలుగురి ముందు. మనిషి తప్పు చేసినప్పుడు ఒప్పుకోకపోతే పోనీ, ఒప్పు చేసినప్పుడైనా ఊరుకోవచ్చు కదా.

తర్వాత కొద్ది రోజులకి, నా కింద పనిచేసే సబ్బవరం వెల్డరు ఒకతని అతుకులో నల్ల గీత వచ్చింది. సన్నగా, నిటారుగా, అచ్చు పగులే. అతనికి పెళ్ళై ఏడాది కాలేదు, వెల్డరు కార్డు పోతే పని పోతుంది. మొహం పాలిపోయింది. మా బావ సోర్సు జరిపి, ఇంకో ఫిల్ము పెట్టి రెండో షాటు తీశాడు. అందులో గీత లేదు.

అప్పుడు చెప్పాడు. ఫిల్ముకి రెండు వైపులా పల్చటి సీసం రేకులు పెడతారు. వాటి మీద గీత పడితే అది ఫిల్ము మీద పగులు లాగే కనిపిస్తుంది. ఇనుములో ఏమీ ఉండదు. ఆయన ఆ రేకుని నలిపి పారేసి, అతని పేరు ఎదురుగా పాసు రాశాడు. సబ్బవరం అతను ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు.

నాకు కోపమొచ్చింది. అతనికి మంచి జరిగినందుకు కాదు. నా గీత నాకు గుర్తొచ్చింది. అదీ ఇలాగే సన్నగా, నిటారుగా ఉంది. అందరూ ఉన్నారని కూడా చూడలేదు.

"ఆడికి తీసావు," అన్నాను. "నాకెందుకు తియ్యలేదు?"

మా బావ ఫిల్ములు కవర్లో పెట్టుకుంటూ, "ఆడు నా బామ్మర్ది కాడు" అన్నాడు.

అలా అనేసి సైకిలెక్కి పోయాడు. ఆ మాట మీద నేను రెండు క్రిస్మస్‌లు వాళ్ళింటికి వెళ్ళలేదు.

పోయిన ఏడాది దగ్గు పట్టుకుంది ఆయనకి. ఆసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రే తీసి, మచ్చ ఉందన్నారు. ఆ డాక్టరు నోట మాట పూర్తి కాకుండానే, "ఒక్క ఫిల్ము సూసి సెప్పేత్తారేటండి? పక్క నుండి తియ్యండి" అని గొడవపెట్టుకున్నాడట. తీశారు. పక్క నుంచీ ఉంది. అయినా నమ్మలేదు. అప్పుడు ద్వారకా నగర్‌లో కొత్తగా వచ్చిన స్కానింగుకి రాశారు. అక్క నాకు కబురు పెట్టింది, తీసుకెళ్ళమని. ఆవిడకి అనుమానం ఆ ఇరీడియం మీద. డాక్టరుకి అనుమానం బీడీల మీద. ఆయన మాత్రం, "బేడ్జీ లెక్క ఒక్కనాడూ దాటలేదు" అని ఇద్దరి మీదా కసురుకున్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు కోసం కూడా నాతో పోట్లాడాడు. చిక్కిపోయి, చొక్కా వేలాడుతోంది, అయినా నోరు మాత్రం తగ్గలేదు.

స్కానింగ్ సెంటర్లో ఆ మిషనుని చూడగానే మనిషి మారిపోయాడు. పెద్ద తెల్లటి చక్రం, మధ్యలో కంత, అందులోకి జారే బల్ల. తన జబ్బు సంగతి మర్చిపోయి, ఆపరేటరుని ప్రశ్నలతో చంపుకు తిన్నాడు.

"ట్యూబు తిరుగుతాదా, మనిషి తిరుగుతాడా?"

"ట్యూబే తిరుగుతుంది సార్, మీ చుట్టూ."

"ఎన్ని పక్కల నుండి తీత్తాది?"

"అన్ని పక్కల నుంచీ సార్. కంప్యూటరు అవన్నీ కలిపి అడ్డంగా ముక్కలు ముక్కలుగా బొమ్మ గీస్తుంది. బ్రెడ్డు కోసినట్టు."

మా బావ నా వైపు తిరిగాడు. ఆ మొహంలో అంత సంతోషం నేను ఆయన పెళ్ళిలో కూడా చూడలేదు. "ఇన్నావా? అన్ని పక్కల నుండీ! నాను రెండు షాట్లు తీత్తేనే మీరంతా నన్ను తిట్టేరు" అన్నాడు. చొక్కా విప్పి, బేడ్జీ తీసి నా చేతికిచ్చి, చిన్నపిల్లాడిలా వెళ్ళి ఆ బల్ల మీద పడుకున్నాడు.

ఫిల్ము సాయంత్రానికి వచ్చింది. పెద్ద నల్లటి షీటు, దాని నిండా చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో ముక్క. డాక్టరు పిలిచేదాకా ఆగమన్నారు. ఆయన ఆగలేదు. హాల్లో కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకి పట్టుకుని చూడ్డం మొదలెట్టాడు. అలవాటు కొద్దీ రెండు కనుగుడ్లూ ముక్కు దగ్గరికి లాగాడు. తర్వాత వదిలేశాడు. మామూలుగా, ఒక్కో గడీ వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. నేను పక్కనే నిలబడ్డాను. నాకు ఫిల్ములు చదవడం రాదు గాని, మనుషుల వేళ్ళు చదవడం వచ్చు. ఆ వేలు ఒక చోట ఆగిపోయింది.

"ఇది గీత కాద్రా" అన్నాడు.

"ఏ గీత?"

"సీసం రేకు గీత. గీతైతే ఒక దాంట్లో ఉంటాది, ఇంకో దాంట్లో ఉండదు. ఇది అన్నిట్లోనూ ఉన్నాది. ఎటు నుండి సూసినా ఉన్నాది. లోపలిదే."

షీటుని జాగ్రత్తగా కవర్లో పెట్టాడు. కిటికీలోంచి బయట బస్సుల్ని చూస్తూ, "నీది గీత" అన్నాడు.

"ఏటన్నావు?"

"నీ టెస్టు పైపు. అది పగులు కాదు. రేకు మీద గీత."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆ ముక్క తెచ్చి నా కంచం పక్కన పెట్టినావు సూడు, దాని మర్నాడే. రేకు తీసి ఎండలో పెట్టి సూసాను. గోటితో గీసినట్టున్నాది. ఆ రేకుతో తీసినయన్నీ మళ్ళీ తీసాను. నీదొక్కటే తియ్యలేకపోయాను. నువ్వు కోసేసినావు."

"నాను కోసేసినానా!" అన్నాను. హాల్లో అందరూ నా వైపు తిరిగారు. తిరిగితే తిరిగారు. "రెండో షాటు తియ్యి బావా అని నీ ఎనకాల పరిగెట్టినప్పుడు తియ్యనన్నది ఎవుడు? మర్నాడే తెలిత్తే ఇన్నేళ్ళు నోరు మూసుకొని కూకున్నది ఎవుడు?"

"నానే" అన్నాడు మా బావ.

తప్పయింది అనలేదు, క్షమించమనలేదు. దగ్గు తెర వచ్చి కిటికీ చువ్వ పట్టుకున్నాడు. నేను తిడుతూనే వీపు మీద చెయ్యి వేసి రాశాను. వీపంతా ఎముకలే.

ఆ మాట విన్న రోజున ఏం చెయ్యాలో నేను ఎన్నోసార్లు అనుకున్నాను. మల్కాపురం సెంటర్లో నిలబడి నలుగురికీ చెప్పాలనుకున్నాను. అక్క చేత పరమాన్నం వండించాలనుకున్నాను. అది తీరా వచ్చేసరికి ఆయన చేతిలో ఆ కవరు ఉంది. ఆ కవరు లేకుండా ఆ మాట వచ్చేది కాదు. అలాగైతే నాకు ఆ మాట అక్కర్లేదు, వెనక్కి తీసుకో, ఇది కూడా గీతే అని చెప్పు బావా అని అడగాలనిపించింది. అడిగినా ఆయన చెప్పేవాడు కాదు. ఫిల్ములో చూసిందే చెప్పే మనిషి.

తిరుగు బస్సులో కిటికీ సీటు నేనే ఆయనకి వదిలేశాను. దానికీ విసుక్కున్నాడు. "జాలి సూపించకు, సిరాకు నాకు" అన్నాడు. గాజువాక దాటాం. తర్వాత, ఆ స్కానింగు మిషనులో పైపు పట్టదు కదా, పట్టేలా ఎప్పటికైనా చేస్తారంటావా అని అడిగాడు. చేస్తారులే అన్నాను. "సేత్తారు" అని తల ఊపాడు. తనే ఆర్డరు పెట్టినట్టు.

ఆ తర్వాత ఆయన మా ఇంటికి రెండు మూడుసార్లు వచ్చాడు. ఆటోలో వచ్చేవాడు, ఆయాసపడుతూ. మాటలు తగ్గిపోయాయి. తలుపు పక్క కుర్చీలో కూర్చుని, ఆ పైపు ముక్క ఎత్తలేక, నన్ను ఎత్తి ఒళ్ళో పెట్టమనేవాడు. నేను పెట్టేవాణ్ణి, ఆయన బొటనవేలు మళ్ళీ కోసిన ముఖం మీదికే పోయేది. ఇంకా నాకు కోపం పోలేదు. ఇప్పటికీ పోలేదు. మర్నాడే తెలిసి ఇన్నేళ్ళు దాచాడు, దాన్ని నేనెలా మింగాలి? చచ్చిపోయినంత మాత్రాన మనిషి చేసింది మారదు.

ఆదరణ కూటం నుంచి ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. సముద్రం వైపు నుంచి గాలి గట్టిగా వీస్తోంది. వీధి తలుపు టపటపా కొట్టుకుంటోంది, ఎవరో కాలితో నెట్టినట్టున్నారు, పైపు ముక్క మూలకి దొర్లిపోయింది. వంగి ఎత్తాను. మా వైపు ఉప్పుగాలికి ఇనుమనేది తుప్పు పట్టకుండా ఉండదు. చేతికంతా ఎర్రగా పొట్టు అంటింది. దానికి నేనెప్పుడూ నూనె రాయలేదు, తుడవలేదు.

కోసిన ముఖం మీద, సరిగ్గా అతుకు ఉన్న చోట, వేలెడు మేర తుప్పు లేదు. నున్నగా, తెల్లగా మెరుస్తోంది. నేను వేసిన వరసలు ఒక దాని మీద ఒకటి కనిపిస్తున్నాయి.

గుమ్మంలోనే కూర్చుని, అక్కడ నా బొటనవేలు పెట్టి మెల్లగా రాశాను. పగులేదీ తగల్లేదు.